హాల్లో వినబడిన గొంతు

చిన్నకొడుకు మహానంది ఆ స్పీకర్లు తెచ్చి హాల్లో పెడుతుంటే కృష్ణవేణమ్మ సణుగుతూనే ఉంది. "ఇంత లావు డబ్బాలు యాడ పెడతావురా? ఇంటికొచ్చినోళ్లు కూచునేకి తావు ఉండద్దా?"

ఆమెకు చెవులు మందగించి చాలాకాలమైంది. డాక్టరిచ్చిన మిషను పెట్టుకుంటే తలలో జోరీగ దూరినట్టుంటుందని తీసి అలమారలో పారేసింది. టీవీ ముందు కూచుని బొమ్మలు మాత్రం చూస్తూ, పెద్దకోడలు స్వర్ణలతను పిలిచి, "ఏమంటాందే ఆ యమ్మ? ఏంటికట్ల ఏడుస్తాంది?" అని అడిగేది. స్వర్ణలత పొయ్యి మీది పని వదిలేసి వచ్చి కథ చెప్పాల్సి వచ్చేది. మహానంది పొలం నుంచి కర్నూలుకు వచ్చిన ప్రతిసారీ ఇది చూసి చూసి, చివరికి ఈ జత కొనుక్కొచ్చాడు.

అతనికి చిన్నప్పటి నుంచీ శబ్దమంటే పిచ్చి. కోడుమూరు దగ్గరి వాళ్ల చేన్లు చూసుకునేది అతనే. గట్టు మీద కూచుని సద్ది తింటున్నా చెవులకు ఏదో ఒకటి తగిలించుకునే ఉండేవాడు. నేల మీద బోర్లా పడుకుని తీగలు కలుపుతూ వదినకు ఓపిగ్గా చెప్పాడు.

"దీనికి వేరే యాంప్లిఫయరు అక్కర్లే వదినా. పవరంతా పెట్టెలోనే ఉండాది. టీవీ నుంచి ఈ సన్న తీగలో పొయ్యేది వెలుతురు. లోపలికి పోయినాక అది మాటయితాది. గరగర ఉండదు, అమ్మకు ప్రతి అక్షరమూ తేటగా ఇనపడతాది. మీ ఫోన్లు కూడా దీనికి కలిపినా. టీవీ ఆపేస్తే సాలు, దగ్గరుండే ఫోనును అదే పట్టుకుంటాది. నేను చేనుకాడి నుంచి ఫోను చేసినా అమ్మ మంచం మీద కూచునే ఇనొచ్చు."

టీవీ పెట్టాడు. సీరియల్లో అత్తగారెవరో కోడలిని కసురుతోంది. కృష్ణవేణమ్మ ఉలిక్కిపడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "వాయబ్బా, ఈ యమ్మ గొంతు ఇట్లుంటాదా! ఇన్నాళ్లూ నేను మంచిదనుకుంటాంటినే!" అంది. మహానంది నేల మీదే వెల్లకిలా పడి నవ్వాడు.

ఆ వేసవిలోనే, కమలాపురంలో బంధువుల గృహప్రవేశానికి అన్నదమ్ములిద్దరూ కారులో వెళ్లారు. పెద్దవాడు భూపేష్‌ది కర్నూల్లో డ్రిప్పు పైపుల ఏజెన్సీ. నలుగురితో కలిసిపోయే మనిషి, ఎక్కడ పెళ్లయినా పేరంటమైనా ముందు వరసలో ఉంటాడు, గ్లాసు పట్టుకుంటే ఒకపట్టాన వదలడు. మహానంది తాగడు. అందుకే అన్న ఇలాంటి వాటికి బయలుదేరితే వెనక తమ్ముణ్ణి పంపేది కృష్ణవేణమ్మ.

మధ్యాహ్నం దాటాక స్వర్ణలత వంటింట్లో ఉండగా భూపేష్ ఫోను చేశాడు.

"యాక్సిడెంటయింది స్వర్ణా. చాగలమర్రి దాటినాక. నాకు చెయ్యి ఇరిగింది, అంతే. నందికే శానా దెబ్బలు తగిలినాయి. ఆసుపత్రికి తెచ్చినాం. అమ్మకు మాత్రం చెప్పద్దు."

కృష్ణవేణమ్మ గుండెకు కిందటేడే స్టెంటు వేశారు. స్వర్ణలత చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. అత్త దివాను మీద కూచుని, ఒడిలో చేట పెట్టుకుని, చెనక్కాయలు ఒలుచుకుంటూ వార్తలు చూస్తోంది. తెర కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. ఎక్కడో ఏదో కారు బోల్తా. అది వీళ్లది కాదు, కానీ కాసేపటికి వీళ్లదీ రావచ్చు. స్వర్ణలత రిమోటు తీసుకుని టీవీ ఆపేసింది.

"ఏంటికే ఆపితివి?" అంది కృష్ణవేణమ్మ.

"కరెంటు ఎక్కువ తక్కువగా వస్తాందత్తా! టీవీ కాలిపోతాదంట!" అని చెవి దగ్గర గట్టిగా అరిచి మళ్లీ వంటింట్లోకి వచ్చింది. కుళాయి తిప్పి, ముఖం కడుక్కుంది. మరిదికి ఏమీ కాకూడదని దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంటుండగా ఫోనులో వాయిస్ మెసేజ్ వచ్చిన చప్పుడయింది. భూపేష్ దగ్గర నుంచే. నొక్కి, ఫోను చెవికి ఆనించుకుంది. ఏమీ వినబడలేదు.

హాల్లో భూపేష్ మాట్లాడుతున్నాడు.

ఇంత తొందరగా ఎలా వచ్చాడా అని స్వర్ణలత గుమ్మం వైపు రెండడుగులు వేసింది. అప్పుడు అర్థమైంది. మనిషి మాట్లాడితే వచ్చే గొంతు కాదది, దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఎవరికీ వినబడకూడదని గుసగుసగా చెప్పిన మాటలు, చెవిటి తల్లి కోసం హెచ్చించి పెట్టిన స్పీకర్లలోంచి గదంతా నిండిపోయి వస్తున్నాయి.

"...పక్కన పోలీసోళ్లుండారు, ఫోనులో మాట్లాడేకి కాదు. బాత్రూములో నుంచి చెప్తాండా. నంది ఇంగ లేడు స్వర్ణా. దోవలోనే పోయినాడు. రోడ్డు పక్కన కూలి ఆడమనిషి ఒగామె ఆటో కోసరం నిలబడింటే, ఆమె కూడా పోయింది. కారు తోలినది నేనే. కానీ నంది తోలినాడని చెప్పినా. నిద్రపట్టి రోడ్డు దిగినాడని చెప్పినా. నేను తాగుండా గదా, కేసు నా మీదికొస్తే బతుకంతా పోతాది. పోయినోడికి ఇంగేమయితాది? ఎవురడిగినా నువ్వూ అదే చెప్పు. ఇది ఇని తీసెయ్యి."

ఫోను తడి చేతుల్లో జారింది. ఆపే గుర్తు ఎక్కడుందో కళ్లకు ఆనలేదు. ఆమె హాల్లోకి పరుగెత్తి వచ్చేసరికి ఆ గొంతు అయిపోయింది. స్పీకర్ల ముందు దివాను మీద అత్త అలాగే కూచునుంది.

"ఎవురే? భూపేషుడు వొచ్చినాడా?"

స్వర్ణలత ఆమె చెవి దగ్గరికి వంగింది. "లేదత్తా. ఫోనులో. ఏజెన్సీ సంగతి, పైపులు యాడికో పంపాలంట."

"అట్లనా," అంది కృష్ణవేణమ్మ. చేటలోంచి ఇంకో కాయ తీసి వేళ్ల మధ్య పటుక్కుమనిపించింది.

స్వర్ణలత ఆమె ముఖంలోకి చూసింది. ముడతలు పడిన ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. వినబడి ఉంటే ఈపాటికి గుండెలు బాదుకునేది, కింద పడిపోయేది. వినబడలేదు. వినబడినా గుసగుస కదా, మాటలు తెలిసుండవు. అలా తనకు తాను చెప్పుకుంటూ వంటింట్లోకి వెళ్లి, ఏడుపు బయటికి రాకుండా చెంగు నోట్లో కుక్కుకుని, ఆ మెసేజ్ తీసేసింది.

సాయంత్రం చుట్టాలు ఒక్కరొక్కరే వచ్చారు. నందికి సీరియస్‌గా ఉందట అని ఎవరో మెల్లగా మొదలుపెట్టారు. కృష్ణవేణమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. దివాను సర్దుతూ స్వర్ణలత చేట పక్కనున్న గిన్నెలోకి, కింద చెత్తబుట్టలోకి చూసింది. గింజలన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. గిన్నెలో పొట్టు నిండుగా ఉంది. ఆమె ఆ గిన్నెను చేతిలోకి తీసుకుంది. ఇంతలో వాకిట్లో ఎవరో పిలిచారు.

మర్నాడు శవాన్ని కోడుమూరు దగ్గరి సొంతూరికి తెచ్చారు. మహానంది భార్య శివలీల ఆలూరు వైపు పల్లె పిల్ల. నాలుగేళ్ల కూతురు సాహితిని చంకనెత్తుకుని వాకిట్లోనే నిలబడింది. ఆంబులెన్సు వెనక కారు వస్తుంటే చూసి, "మా నాయన వచ్చె," అని పాప అనుకోకుండా ఉండాలని దాని ముఖాన్ని తన భుజంలోకి అదుముకుంది. చేతికి కట్టుతో భూపేష్ దిగి, తమ్ముడి శవం మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. స్వర్ణలతకు అది తెలుసు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది.

దినాలు జరుగుతున్నంత కాలం ఊరు మాట్లాడుతూనే ఉంది. పలకరింపుకు వచ్చిన ఆడవాళ్లు వాకిట్లో కూచుని, "తను పోయింది చాలక, ఆ కూలిదాని ఉసురు కూడా పోసుకున్నాడే," అనేవాళ్లు. "అన్నను కూడా చంపేవాడే, ఏదో దేవుడున్నాడు," అని ఇంకొకరు. లోపల దీపం దగ్గర కూచున్న శివలీలకు అన్నీ వినబడేవి. ఒకరోజు స్వర్ణలత చెయ్యి పట్టుకుని అడిగింది.

"అక్కా, మా ఆయప్ప బండి తోలేటప్పుడు ఫోను గూడా ఎత్తడు. నిద్రొస్తే యాడన్నా చెట్టు కింద నిలిపి పండుకునే మనిషి. ఆ పొద్దు ఎట్ల నిద్రపోయె?"

"అలిసిపోయింటాడు లేమ్మా," అంది స్వర్ణలత. ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు తనకే ఒళ్లు జలదరించింది.

ఆ సాయంత్రం భూపేష్‌కు స్నానానికి సాయం చేస్తూ చొక్కా విప్పింది. కుడి భుజం దగ్గర మొదలై, ఎదురొమ్ము మీదుగా ఎడమ నడుం దాకా, అరచేయంత వెడల్పున నల్లగా కమిలిపోయి ఉంది. కారు బెల్టు నొక్కిన చోటు. డ్రైవరు పక్క సీటులో కూచున్నవాడికి ఎడమ భుజం మీద పడాల్సిన గుర్తు అది. ఆమె దాని మీద నీళ్లు పోయకుండా చెంబు పట్టుకుని నిలబడింది.

"ఏం చూస్తాండావు? చొక్కా ఎయ్యి," అన్నాడు అతను.

"శివలీలను చూస్తే నా కడుపు తరుక్కుపోతాండాది. ఆ పిల్ల మొగుణ్ణి హంతకుడంటాండారు."

"నేను మాత్రం బాగుండానా? కండ్లు మూస్తే వాడే కనపడతాడు." అన్నాడు భూపేష్. "కానీ ఇప్పుడు నేను పోయి జైల్లో కూచుంటే వాడు లేచొస్తాడా? శివలీలను, పాపను సాకేది ఎవురు? కడపలో మన బిడ్డ డాక్టరు చదువుతాంది, దాని గతేంది? కొంచెం ఆలోచన చెయ్యి."

స్వర్ణలత ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ అతని మాటలే సబబుగా కనిపించాయి. అదే ఆమెను నిద్రపోనివ్వలేదు.

పెద్దదినం అయిపోయిన మర్నాడు, అందరూ కూచునుండగా శివలీల లేచి నిలబడింది.

"బావా, ఆ చచ్చిపోయిన ఆమె ఊరికి పోవాల నేను. గిడ్డమ్మంట ఆమె పేరు. ఆమె మొగుడు గోపన్నంట. నా మొగుడు చేసిన దానికి నేను పోయి కాళ్లు పట్టుకుంటా."

భూపేష్ ముఖం మాడిపోయింది. "పిచ్చి పట్టిందా నీకు? వాళ్లు కడుపు మంటతో ఉంటారు. రాళ్లేస్తే?"

"ఏస్తే ఏయనీ. ఆయప్పకు పడాల్సినవి నాకు పడతాయి."

"నేనూ వస్తా," అంది ఓ మూల నుంచి కృష్ణవేణమ్మ. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు. అందరూ ఆమె వైపు తిరిగారు. "స్వర్ణా, నువ్వూ రా."

భూపేష్ తల్లి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడనేలేదు.

బాడుగ కారులో ముగ్గురూ, పాపా వెళ్లారు. దారి పొడవునా మండిపోతున్న చేన్లు, పీకి కుప్పలేసిన మిరప కట్టె. ఒక మలుపు దగ్గర డ్రైవరు తెలియక, "ఈడేనమ్మా మొన్న యాక్సిడెంటయింది," అని చూపించాడు. చెట్టు మొదట్లో బెరడు లేచిపోయి తెల్లగా కనబడింది. శివలీల అటు తిరగలేదు. పాప మాత్రం కిటికీలోంచి వెనక్కి చూసింది.

గోపన్నది నాపబండల మిద్దె. నడివయసు మనిషి, చామనఛాయ, పెండ్లాం పోయినప్పటి నుంచి గడ్డం గీసుకోలేదు. అరుగు మీద కూచుని ఉన్నవాడు వీళ్లను చూసి, ఎవరో అర్థమయ్యాక మెల్లగా లేచాడు. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో ఆడమనిషి తిట్టు ఎత్తుకోబోతే గోపన్న చెయ్యెత్తి ఆపాడు. లోపలికి వెళ్లి దుప్పటి తెచ్చి అరుగు మీద పరిచాడు. చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టాడు.

"కూచోండమ్మా. ఎండన పడి వచ్చినారు."

శివలీల కూచోలేదు. పాపను పక్కన దించి, చటుక్కున వంగి అతని రెండు పాదాలూ పట్టుకుంది. నుదురు నేలకు ఆనించింది.

"అన్నా, నా మొగుడు నీ ఇంటిదాన్ని చంపినాడు. తెలిసి చెయ్యలేదన్నా. నిద్రమత్తులో చేసినాడు. ఆయప్పకు నోరు లేదు ఇప్పుడు, ఆయప్ప బదులు నేను అడుగుతాండా. మన్నించన్నా. ఈ పాపకు నీ ఉసురు తగలనియ్యద్దన్నా."

తల్లి అలా పడి ఉండటం చూసి సాహితి కూడా పక్కనే మోకాళ్ల మీద కూచుని, ఏం చేయాలో తెలియక, చిన్న చేతులు జోడించింది.

గోపన్న వెనక్కి జరిగాడు. "లేయమ్మా. పసిబిడ్డతో దండాలు పెట్టించద్దు. నీ మొగుడూ పోయినాడు, నా పెండ్లామూ పోయింది. ఇంగ నేను ఎవురిని తిడదును?"

"లేయ్ శివలీలా," అంది కృష్ణవేణమ్మ. గొంతు బొంగురుగా, చెవిటివాళ్లు మాట్లాడినంత గట్టిగా వచ్చింది. "ఈయప్ప కాళ్లు పట్టుకోవాల్సింది నువ్వు గాదు."

శివలీల తలెత్తింది.

"కారు తోలినది నంది గాదు. నా పెద్దకొడుకు. తాగి తోలినాడు. తమ్ముణ్ణి చంపి, ఈయప్ప పెండ్లాన్ని చంపి, ఆ పాపం తెచ్చి సచ్చినోడి నెత్తిన పెట్టినాడు. నేను నా చెవులతో ఇన్నా."

గోపన్న ముసలామె వైపు చూశాడు, కొడుకు పోయి మతి చలించిందేమోనన్నట్టు. తర్వాత స్వర్ణలత వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు ఆ పెద్దకొడుకు పెండ్లానివి గదా. ఈ పెద్దమ్మ చెప్పేది నిజమేనా?"

లేదంటే సరిపోతుంది. అత్తకు మతిపోయింది, చెవులు వినబడవు, ఏదో అనుకుంటోంది అని ఒక్క మాటంటే చాలు, అందరూ నమ్ముతారు. కడపలో చదువుతున్న కూతురు కళ్లముందు మెదిలింది. భర్త ఎదురొమ్ము మీది నల్లటి వాత మెదిలింది. దుమ్ములో మోకాళ్ల మీద సాహితి ఇంకా చేతులు జోడించుకునే ఉంది.

"నిజమే," అంది స్వర్ణలత.

శివలీల లేచి నిలబడింది. నుదుటికి అంటిన మన్ను కూడా దులుపుకోలేదు. అత్తనూ తోటికోడలినీ మార్చి మార్చి చూసింది. అరవలేదు.

"ఇన్ని దినాలు మీ ఇద్దరికీ తెలుసు. ఊరంతా ఆయప్పను తిడతాంటే నా పక్కనే కూచుని ఇంటాంటిరి. అలిసిపోయింటాడంటివి గదక్కా నువ్వు. నాతో దీపం పెట్టిస్తివి గదత్తా నువ్వు." పాపను ఎత్తుకుంది. "ఆయప్పను బావ చంపినాడు. ఆయప్ప పేరును మీరు ముగ్గురూ కలిసి చంపినారు."

వెళ్లి కారులో ముందు సీట్లో కూచుని తలుపు వేసుకుంది.

గోపన్న అరుగు మీద కూలబడ్డాడు. "పెద్దమ్మా, చెప్పినందుకు నీకు దండం పెట్టేదో, ఇన్నాళ్లూ చెప్పనందుకు తిట్టేదో నాకు తెలీలేదు," అన్నాడు. "మీరు పొండి. నేను స్టేషనుకు పోవాల."

తిరుగు ప్రయాణంలో శివలీల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చాలా దూరం వచ్చాక స్వర్ణలత అత్త చెవి దగ్గరికి వంగింది.

"అత్తా, ఆ పొద్దు నీకు ఇనపడిందా?"

"ప్రతి అక్షరమూ ఇనపడింది," అంది కృష్ణవేణమ్మ. "నంది ఆ డబ్బాలు పెట్టిచ్చింది నాకు ఇనపడాలనే గదా."

"మరి ఏంటికి చెప్పలేదు?"

ఆమె ఎండిన చేతులు ఒడిలో నలుపుకుంది. "ఒగడు పోయినాడు. ఇంగొగన్ని నేనే అప్పజెప్పాలంటే నోరు రాకపోయె. మూసుకుంటే ఒగడన్నా మిగుల్తాడనుకుంటి. నువ్వు భయపడి అబద్ధం చెప్తాంటివి, నేను ఇననట్టు కూచుంటి. కానీ ఆ పిల్ల పోయి ఆయప్ప కాళ్ల మీద పడె సూడు. నందిగాడు చెయ్యని తప్పుకు వాడి బిడ్డ చేతులు జోడిచ్చె. అది నాతో సూడకాకపోయె."

ఇంటికి చేరేసరికి భూపేష్‌కు ఎవరో ఫోను చేసి చెప్పేశారు. హాల్లో నిలబడి ఉన్నాడు. మొదట భార్య మీదికి వచ్చాడు. తర్వాత తల్లి ముందు నిలబడి అరిచాడు.

"ఒగ కొడుకు పోయింది సాలదా నీకు? ఉన్నోన్ని కూడా తినేస్తావా?"

"పోయి నువ్వే చెప్పురా," అంది ఆమె. "వాళ్లొచ్చి పట్టుకపోక ముందే పో. అంతమాత్రం మిగిల్చుకో."

అతను పోలేదు. రెండు రోజులు తిండి తినకుండా గదిలో తలుపేసుకున్నాడు. పోలీసులే వచ్చి తీసుకెళ్లారు. డాక్టరు భుజం మీది కమిలిన గుర్తు రాసుకున్నాక కారు తోలింది తానేనని ఒప్పుకున్నాడు. భార్యకు చెప్పుకున్న మాట కోర్టులో నిలవదనీ, తల్లి సాక్ష్యమే కావాలనీ సర్కారు వకీలు చెప్పాడట. కృష్ణవేణమ్మ వెళ్లి, విన్నది విన్నట్టు చెప్పి, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టి వచ్చింది. కన్నకొడుకును జైలుకు పంపిన తల్లి అని కోడుమూరు చుట్టుపక్కల పేరు పడింది. మొన్నటిదాకా మహానందిని తిట్టిన నోళ్లే ఇప్పుడు ఆమెను తిట్టాయి.

శివలీల పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేరోజు కృష్ణవేణమ్మ వీధి చివరిదాకా వెనకే నడిచింది. బస్సు ఎక్కేముందు పాప, "జేజీ, నువ్వు రావా?" అని అడిగింది. శివలీల జేజి కనబడకుండా పాపను కిటికీ పక్క కాకుండా ఇవతలి సీట్లో కూచోబెట్టింది.

బెయిలు మీద బయటికి వచ్చాక భూపేష్ ఇంటికి రాలేదు. ఏజెన్సీ వెనక గదిలో, పైపుల చుట్టల మధ్య మంచం వేసుకున్నాడు. స్వర్ణలత మధ్యాహ్నాలు క్యారియరు తీసుకెళ్లేది. మొదట్లో తలెత్తేవాడు కాదు. ఆమె పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మ మాత్రలు ఏసుకుంటాందా?"

"ఏసుకుంటాంది."

అతను ముద్దను తిరిగి గిన్నెలో పెట్టాడు. "నీకు గూడా చెప్పంది ఒగటుండాది స్వర్ణా. ఆ పొద్దు కమలాపురంలో కారుకాడ నంది తాళాలు అడిగినాడు. నువ్వు తాగుండావన్నా, నేను తోల్తా అన్నాడు. నలుగురి ముందర అడిగినాడని నాకు రోషమొచ్చె. ఇయ్యలేదు. దోవలో గూడా అడుగుతానే ఉండె. మైదుకూరుకాడ టీ తాగేకి నిలిపితే చేతులు పట్టుకుని అడిగినాడు. నేను వాని చెయ్యి ఇదిలిచ్చి కొట్టినా. ఇంగ మాట్లాడకుండా వచ్చి పక్కన కూచున్నాడు."

స్వర్ణలత క్యారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ వింది. అతను ఏడుస్తాడేమోనని చూసింది. ఏడవలేదు.

"ఇది నాకు చెప్పేది గాదు," అంది. ఫోను తీసి, శివలీల నంబరు కలిపి, మంచం మీద అతని పక్కన పెట్టింది.

శివలీల చాలా రోజులుగా ఈ నంబరు ఎత్తడం లేదు. ఈసారీ ఎత్తదనే అనుకున్నారు ఇద్దరూ. చివర్లో ఎత్తింది.

"ఏంటికక్కా?"

"నేనమ్మా," అన్నాడు భూపేష్. అవతల ఆమె ఫోను పెట్టేయలేదు కాబట్టి చెప్పడం మొదలుపెట్టాడు. తాళాలు అడగడం, తాను ఇవ్వకపోవడం, దారిలో అడగడం, మైదుకూరు, చెయ్యి విదిలించి కొట్టడం. ఏదీ కుదించలేదు, ఏదీ సర్ది చెప్పలేదు. చెప్పడం అయిపోయాక బయట రేకుల మీద వాన పడుతున్న చప్పుడు మిగిలింది.

"అడిగింటాడని నాకు తెలుసు," అంది శివలీల. "కొట్టినావని తెలీదు."

ఫోను పెట్టేసింది.

భూపేష్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. స్వర్ణలత అతని ముందున్న గిన్నె తీయకుండా అక్కడే వదిలేసి, వాన వెలిసేదాకా తలుపు దగ్గర నిలబడి, తర్వాత ఆటో ఎక్కి అత్త దగ్గరికి వెళ్లిపోయింది.